ఎడమవైపు నడిచిన కర్నల్

సార్జెంట్ సబినో తీకోనా శవం సాయంత్రం ఐదు గంటలకు దొరికింది. ఇల్యాంపు యుద్ధ కళాశాల ఫైళ్ల గదిలో, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే బల్ల మీదికి వాలిపోయి ఉన్నాడు. చేతిలో సగం కొరికిన సల్తేన్యా, మాంసమూ పులుసూ నింపిన కజ్జికాయ. గుండె ఆగి పోయాడని కళాశాల డాక్టరు రాసిచ్చాడు.

కాప్టెన్ హిమెనా కిస్బెర్ట్ ఆ కాగితాన్ని ఒక్క నిమిషం కూడా నమ్మలేదు. లా పాస్‌లో పుట్టినవాడెవడూ మధ్యాహ్నం దాటాక సల్తేన్యా ముట్టడు. పొద్దున పదింటికి, మహా అయితే పదకొండింటికి, వేడిగా ఉన్నప్పుడే కొసన చిన్న చిల్లి కొరికి, లోపలి పులుసు జుర్రుకుని, తరవాత మాంసం దాకా వస్తారు. అంటే సబినో పొద్దున్నే పోయాడు. ఏడు గంటలసేపు ఆ తలుపు ఎవరూ తట్టకుండా ఎవరో చూసుకున్నారు. పులుసులో ఏం కలిపారో మూడో రోజుకి లాబొరేటరీ తేల్చింది.

ఆ మూడో రోజే దోన్ మక్సీమో ఆమెను కేబుల్ కారుకి రమ్మన్నాడు. ఆమె పనిచేసే సైనిక గూఢచార సెక్షన్‌కి ఆయన అధిపతి. ఆఫీసు గోడల్ని నమ్మడు, హోటళ్లని అసలు నమ్మడు. ఎల్ ఆల్తో నుంచి కిందికి దిగే ఎర్ర లైనులో ఒక పెట్టె మొత్తం తీసుకుని, పది నిమిషాల్లో చెప్పాల్సింది చెప్పేస్తాడు.

"సబినో మనవాడే," అన్నాడు తలుపు మూసుకోగానే. "పోయిన నెల ఒక స్మగ్లర్ దొరికాడు. పాల్మార్ సేకో దారి అమ్మినవాడు ఇప్పుడు యుద్ధ కళాశాలలో పాఠాలు చెప్తున్నాడన్నాడు. పేరు వాడికి తెలీదు. సబినోని ఫైళ్లు చూడమన్నాను. సోమవారం ఫోన్ చేసి, ఒక ఫైల్లో ఒక పేజీ కోసేసి ఉందన్నాడు. ఎవరిదో ఫోన్లో చెప్పనన్నాడు. అంత జాగ్రత్త మనిషి."

హిమెనాకి ఆ పోస్టు పేరు కొత్త కాదు. పాల్మార్ సేకో తూర్పు సరిహద్దులో, చాకో ముళ్ల అడవిలో ఒక చిన్న పోస్టు. ఎనిమిదేళ్ల కిందట అక్కడ పహారాకి వెళ్లిన ఆరుగురు ఉచ్చులో పడ్డారు. వాళ్ల లెఫ్టినెంటు ఎలోయ్ కిస్బెర్ట్, ఆమె తమ్ముడు. శవాన్ని ఇంటికి తెచ్చినప్పుడు కాళ్లకి బూట్లు లేవు. చంపినవాళ్లు బూట్లు కూడా విప్పుకుపోయారు. ఆ రోజు నుంచి ఆమె ఏ మనిషిని చూసినా ముందు కాళ్ల వైపే చూస్తుంది.

"నన్నే ఎందుకు పిలిచారు సార్?"

"నీకు పగ ఉంది. పగ ఉన్నవాళ్లు తొందరపడతారని మా కుర్రాళ్లు అన్నారు. ఎనిమిదేళ్లు ఆగినదానికి ఇంకో రెండు వారాలు ఆగడం కష్టం కాదని నేనన్నాను. ప్రాణాలతో కావాలి నాకు. విన్నావా?"

విన్నానంది. ఒప్పుకున్నానని మాత్రం అనలేదు.

మిగతాది ఆయన దిగేలోపు చెప్పేశాడు. కొనేవాళ్లు పాతవాళ్లే, ఉప్పు ముఠా. ఉప్పు మైదానాల్లో మొదటిసారి బయటపడ్డారు కాబట్టి సెక్షన్ పెట్టిన పేరు అది. ఈసారి వాళ్ల కన్ను కళాశాల వార్షిక యుద్ధ క్రీడ మీద పడింది. ఆటే అయినా అందులో వాడేవి నిజం పోస్టులు, నిజం దారులు, నిజం రేడియో సంకేతాలు. తూర్పు సరిహద్దులోని పోస్టులన్నీ పాల్మార్ సేకోలు కావడానికి వేలిగోరంత మెమరీ కార్డు చాలు. ఇంకో రెండు వారాల్లో, శుక్రవారం నాడు, కళాశాల యాభయ్యో వార్షికోత్సవం. ముఠా మనిషి అతిథిగా వస్తున్నాడు. పేరు వాల్టర్ క్రెంజ్. జేబులో దౌత్య పాస్‌పోర్టు ఉంది కాబట్టి అతని మీద ఎవరూ చెయ్యి వెయ్యడానికి లేదు. ఆ రోజే మధ్యాహ్నం ఒంటిగంటకి అతని తిరుగు విమానం.

ఆ విధంగా హిమెనా మర్నాటి నుంచి కళాశాలలో లిదియా పొమా అనే గుమాస్తా అయింది. నెరిసిన విగ్గు, మందపాటి కళ్లద్దాలు, వేళ్ల కొసలు కోసేసిన ఉన్ని చేతి తొడుగులు. కళ్లద్దాల కమ్మీలో కెమెరా ఉంది. ఆమెకిచ్చిన పని ద్రోహిని వెతకడానికే పుట్టినట్టు కుదిరింది: వార్షికోత్సవ పుస్తకం కోసం, పాఠాలు చెప్పే అధికారులందరి ఉద్యోగ జీవితాలు రాయాలి. ఎక్కడ చదివారు, ఎక్కడెక్కడ పనిచేశారు, ఏ పతకాలు వచ్చాయి. సొంత గొప్ప చెప్పుకోమంటే ఏ అధికారీ కాదనడు. గూఢచారికి ఇంతకంటే చవగ్గా దొరికే తాళంచెవి ఇంకోటి లేదు.

తూర్పున పనిచేసే వయసూ హోదా ఆ రోజుల్లో ఉన్నవాళ్లని ఏరితే ముగ్గురు మిగిలారు.

మొదటివాడు నౌకాదళం కాప్టెన్ ఫౌస్తో చోకె. సముద్రం లేని దేశంలో నావికుడు. నదుల పహారా గురించి పాఠం చెప్తాడు. ఎనిమిదేళ్ల కిందట పాల్మార్ సేకోకి అరరోజు దూరంలో, నది మీద ఉన్నాడు. ఆ సంగతి ఫైల్లో దాపరికం లేకుండా ఉంది.

రెండోవాడు కర్నల్ నికనోర్ బల్దివియేసో. పదాతిదళం. సైన్యానికి తిండీ గుడ్డా ఎలా చేరవేయాలో చెప్తాడు. బొద్దుగా ఉంటాడు, మీసం మీద ఎప్పుడూ పంచదార పొడి.

మూడోవాడు కర్నల్ ఔరెలియో తెర్రాసాస్. అశ్వికదళం. వ్యూహం చెప్తాడు. సన్నగా, నిటారుగా, గుర్రం దిగకుండానే క్లాసులోకి వచ్చాడా అన్నట్టుంటాడు. బల్దివియేసోది, ఇతనిదీ ఒకే బ్యాచ్. ఎనిమిదేళ్ల కిందట విదేశంలో కోర్సు చేస్తున్నట్టు ఫైల్లో ఉంది. వార్షికోత్సవం సాయంత్రమే విదేశానికి సైనిక ప్రతినిధిగా వెళ్లిపోతున్నాడు. ఒకసారి వెళ్లాడంటే అతనికీ దౌత్య పాస్‌పోర్టు వచ్చేస్తుంది.

ముగ్గురి ఫైళ్లూ హిమెనా ఫొటోలు తీసింది. కోసిన పేజీ ఆనవాలు ఎక్కడా లేదు. సబినో పోయాక ఎవరో తీరిగ్గా ఫైళ్లన్నీ కొత్తగా కుట్టించారు. కుట్టించినది ప్రోటోకాల్ అధికారిణి మీర్తా సౌసేదో. వేడి ఊరు సాంతా క్రూస్ నుంచి వచ్చిన మనిషి. లా పాస్ చలిలోనూ ఎత్తుమడమల చెప్పుల మీద టకటకలాడుతూ నడుస్తుంది, ఆమె వెళ్లిపోయాక అరగంట దాకా ఆ వరండాలో సెంటు వాసన పోదు. తూర్పు రెజిమెంటులో అడిగి చూస్తే, పాత రిజిస్టర్లు వరదలో పోయాయన్నారు.

దోన్ మక్సీమో చూపు చోకె మీద పడింది. అరరోజు దూరం ఆయనకి చాలా దగ్గరగా కనిపించింది. హిమెనాకీ మొదటి వారమంతా చోకె మీదే అనుమానం. నది గురించి మాట్లాడుతూ అతను నవ్వితే ఆమె బల్ల కింద పిడికిలి బిగించేది. ఒకరోజు తనే అడిగేసింది, పాల్మార్ సేకోలో ఏదో జరిగిందట కదా, ఆ సంగతి రాయనా అని.

చోకె నవ్వు ఆగిపోయింది. "రాయకమ్మా. ఆ ఆరుగురినీ పడవలో ఎక్కించింది నేనే. వాళ్ల కాళ్లకి మా కుర్రాళ్ల మేజోళ్లు తొడిగాం. పుస్తకంలో పెట్టేది కాదది."

ఎలోయ్ శవపేటిక తెరిచినప్పుడు తమ్ముడి కాళ్లకి నీలం మేజోళ్లు ఉన్నాయి. అవి ఎవరివో ఆ ఇంట్లో ఎవరికీ ఎనిమిదేళ్లుగా తెలియదు. హిమెనా కళ్లద్దాలు తుడుచుకోవడానికి చాలాసేపు పట్టింది. చోకె ఆమె జాబితాలోంచి వెళ్లిపోయాడు.

మిగిలినవాళ్లు ఇద్దరు. ఆ మర్నాడు పది గంటల విరామంలో వాళ్లిద్దరూ వరండాలో నడుచుకుంటూ సల్తేన్యాల బల్ల వైపు వస్తున్నారు. హిమెనా అలవాటుగా వాళ్ల కాళ్ల వైపు చూసింది. అశ్వికదళం బూట్లు ఎడమవైపు, అరడుగు వెనక. పదాతిదళం బూట్లు కుడివైపు.

హిమెనా సార్జెంటు కూతురు. ఈ లెక్క ఆమెకి అక్షరాలకంటే ముందు వచ్చింది. ఈ సైన్యంలో కుర్రాళ్లు అకాడమీ నుంచి బయటికొచ్చిన రోజే వరస ఖాయమవుతుంది. మార్కుల్లో మూడోవాడు చచ్చేదాకా మూడోవాడే, తొమ్మిదోవాడు తొమ్మిదోవాడే. హోదా ఒకటే అయినా సీనియర్ కుడివైపు నడుస్తాడు, ముందు కూర్చుంటాడు, ముందు గ్లాసెత్తుతాడు. పెళ్లి భోజనంలోనైనా సరే, శవం వెనకైనా సరే. ఎవరూ ఆలోచించి చెయ్యరు. ఒంటికి పట్టేసిన అలవాటది.

ఫైలు ప్రకారం తెర్రాసాస్ మూడోవాడు. బల్దివియేసో తొమ్మిదోవాడు. మరి మూడోవాడు తొమ్మిదోవాడికి కుడివైపు ఎందుకు వదిలిపెట్టాడు?

కారణం ఒక్కటే ఉంటుంది. శిక్ష. తప్పు చేసిన అధికారికి ఆరు నెలలో ఏడాదో సీనియారిటీ కోస్తారు. కోత పడ్డవాడు బ్యాచ్ వరసలో జారిపోతాడు. కాగితం మీది శిక్షని ఎవరో కోసేశారు. కాళ్లలోని శిక్షని కొయ్యడం ఎవరి తరమూ కాలేదు.

బల్దివియేసోని తిన్నగా అడిగితే చెప్పడు. ఒక బ్యాచ్ వాడికి పడ్డ శిక్ష గురించి బ్యాచ్ వాళ్లు బయట నోరెత్తరు. కాబట్టి హిమెనా అడగలేదు. పుస్తకం నమూనా ప్రతులు మూడు అట్టలతో సహా తయారుచేసి, దిద్దుబాట్లకోసం ముగ్గురికీ పంపింది. అధికారుల్ని ఫైళ్ల వరసలోనే పెట్టింది: మూడో పేజీలో తెర్రాసాస్, నాలుగో పేజీలో బల్దివియేసో. పంపి, కోకా టీ పెట్టుకుని కూర్చుంది.

టీ చల్లారకముందే బల్దివియేసో వచ్చేశాడు. ఆ రోజు మీసం మీద పంచదార లేదు.

"అమ్మాయ్, నా గురించి నువ్వు రాసింది బాగుంది. నా పతకాల్లో ఒకటి మర్చిపోయావు, పోనీలే. కానీ ఈ పేజీల వరస..." ఆయన గొంతు సవరించుకున్నాడు. "నన్ను ఔరెలియో కింద పెట్టావు."

"ఫైల్లో అలాగే ఉంది కర్నల్ గారూ. ఆయన మూడు, మీరు తొమ్మిది."

"అకాడమీ నుంచి వచ్చినప్పుడు సంగతది. ఇప్పుడు కాదు."

"మధ్యలో ఏమైంది?"

"ఏమీ కాలేదు. ఏదో అయింది. నాకు బుల్లెట్ తగిలినప్పుడు కూడా ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదమ్మా, కావాలంటే మా ఆవిణ్ని అడుగు. కానీ ఇది నా మనవలు చూసే పుస్తకం. ఎనిమిదేళ్లుగా కుడివైపు నాది. మార్చెయ్."

ఎనిమిదేళ్లు. హిమెనా తల వంచుకుని రాసుకుంది. పెన్నులో ఉన్న రికార్డరు కూడా రాసుకుంది.

సాయంత్రంలోగా నమూనాలు వెనక్కి అడిగింది. చోకెదీ బల్దివియేసోదీ వచ్చాయి. తెర్రాసాస్ తన ప్రతి పారేశానన్నాడు. అతని ముఖంలో ఏమీ కనిపించలేదు. ఆమె బూట్లు చూసింది. మంచి తోలు, అద్దంలా మెరుగు.

గురువారం దోన్ మక్సీమో చోకెని పట్టుకోమన్నాడు. హిమెనా ఫోన్లో బతిమాలి శుక్రవారం మధ్యాహ్నం దాకా గడువు తెచ్చుకుంది. కాళ్ల సాక్ష్యం ఏ సైనిక కోర్టూ ఒప్పుకోదని ఆయన అన్నాడు, అదీ నిజమే. కాగితం కావాలి.

ఆ కాగితం తనంత తాను ఆమె బల్ల దగ్గరికి నడిచొచ్చింది, మడమల మీద టకటకలాడుతూ.

"ఇవాళ ఇల్లిమాని కొండ కనిపిస్తుందంటావా లిదియా అక్కా?" అంది మీర్తా సౌసేదో, కుర్చీలో కాలు మీద కాలేసుకుని.

సెక్షన్ కోడ్ మాట అది. హిమెనా జవాబు కోడ్ చెప్పింది. "మంచు దులిపేసుకుంటే కనిపిస్తుంది."

"హమ్మయ్య. ఆ విగ్గు నీకు అస్సలు నప్పలేదే. నేను మీ మక్సీమో మనిషిని. రెండేళ్లుగా."

"ఉప్పు వాళ్ల మనిషివి కూడా."

"వాళ్లకి మూడేళ్లుగా. దాచడం ఎందుకు? పేజీ కొయ్యమన్నారు, కోశాను. కాల్చెయ్యమన్నారు, అది మాత్రం చెయ్యలేదు. నా చేతిలోంచి పోయే ఏ సరుకైనా ఒక ముక్క దాచుకోకుండా పంపను." ఆమె సంచీలోంచి కొస కనపడేలా ఒక పసుప్పచ్చ కాగితం తీసి మళ్లీ లోపల పెట్టింది. "సబినోకి సల్తేన్యా ఇచ్చింది ఔరెలియో. నాకు తెలీదు అక్కా, ఒట్టు. ఆ రోజు ఆ తలుపు దగ్గరికి ఎవర్నీ రానివ్వొద్దన్నాడు, అంతే. ఆ ముసలాయన రోజూ నాకు గుమ్మందాకా గొడుగు పట్టేవాడు. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. రేపు వాడు ఎగిరిపోతే, సాక్షిగా మిగిలేది నేనొక్కదాన్నే. తరవాతి సల్తేన్యా ఎవరికో చెప్పక్కర్లేదుగా."

"ఏం కావాలి?"

"రేపు మూడింటి విమానం. ఎక్కేదాకా నన్నెవరూ ఆపకూడదు."

హిమెనా తూచి చూసింది. ఈమె కోసిన పేజీ వల్ల ఒక ముసలి సార్జెంటు పోయాడు. ఈమె దాచిన పేజీ లేకపోతే ఎలోయ్‌ని అమ్మినవాడు పోతాడు, విమానమెక్కి. రెండు పగలు ఒకేసారి తీరవు.

"ఎక్కేదాకా ఎవరూ ఆపరు," అంది.

కాగితం చేతులు మారింది. పాల్మార్ సేకో ఉచ్చు పడిన తేదీ. మేజర్ ఔరెలియో తెర్రాసాస్, తూర్పు రెజిమెంటు, పహారా దారుల అధికారి. విదేశంలో కోర్సన్నది అబద్ధం. ఆ రోజు సెలవు లేకుండా స్థానం వదిలి వెళ్లినందుకు, సంజాయిషీగా బంధువుల పెళ్లి అని చెప్పినందుకు, ఆరు నెలల సీనియారిటీ కోత. ఆరుగురి ప్రాణాలు అమ్మి వచ్చినవాడికి, ఆలస్యంగా వచ్చిన బడిపిల్లాడికి వేసేపాటి శిక్ష.

శుక్రవారం పొద్దున కవాతు మైదానం ఇంకా మంచుతో తెల్లగానే ఉంది. బాకాలు ఊదారు, జెండా ఎగరేశారు, జనరల్ ఉపన్యాసం చదివాడు. హిమెనా పుస్తకాల బల్ల దగ్గర నిలబడి ఉంది. తెర్రాసాస్ గదినీ కారునీ సెక్షన్ మనుషులు వెతికేశారు. కార్డు దొరకలేదు. పేజీ ఒక్కదానితో అతన్ని పట్టుకోవచ్చు, కానీ కార్డు క్రెంజ్ జేబులో పడిందంటే పోస్టులన్నీ పోయినట్టే.

పన్నెండు కావడానికి పది నిమిషాలు. అతిథులకి పుస్తకాలు పంచుతున్నారు. తెర్రాసాస్ నవ్వుతూ క్రెంజ్ దగ్గరికి వెళ్లి, తన చంకలోని ప్రతి తీసి, మూడో పేజీ తెరిచి, తన ఫొటో కింద సంతకం చేసి ఇచ్చాడు. క్రెంజ్ పుస్తకం మూసి, కారు వైపు తిరిగాడు.

మూడో పేజీ. తన ఫొటో.

సరిచేసిన పుస్తకంలో మూడో పేజీ బల్దివియేసోది. తెర్రాసాస్ నాలుగో పేజీకి దిగాడు. అతను బల్దివియేసో కంటే ముందు వచ్చే ప్రతి లోకంలో ఒక్కటే మిగిలుంది, అతను పారేశానన్న నమూనా. పారెయ్యడానికి చెయ్యి రాలేదన్నమాట. ఎనిమిదేళ్ల తరవాత తన చోటు తనకి ఇచ్చిన పుస్తకం కదా. కార్డు దాని అట్టలోనే ఉంది.

కానీ దౌత్య పాస్‌పోర్టు ఉన్నవాడి చేతిలోంచి పుస్తకం లాక్కునే హక్కు ఈ మైదానంలో ఎవరికీ లేదు. కారు ఇరవై అడుగుల్లో ఉంది. డ్రైవరు తలుపు తీశాడు. హిమెనా తుపాకీ మీదికి పోతున్న చేతిని వెనక్కి తీసుకుని, రెండో చేత్తో సరైన ప్రతి ఒకటి అందుకుని, బల్దివియేసో దగ్గరికి పరిగెత్తింది.

"కర్నల్ గారూ, ఘోరం జరిగిపోయింది. ఆ విదేశీ అతిథికి పాత ప్రతి వెళ్లింది. అందులో మీరు మళ్లీ కిందే ఉన్నారు."

బల్దివియేసో ఇంకేమీ అడగలేదు. పుస్తకం అందుకుని, అంత బొద్దు మనిషి ఇరవై అడుగులూ అంత వేగంగా దాటడం అక్కడున్నవాళ్లెవరూ అంతకుముందు చూడలేదు. కారు తలుపు మూసుకోబోతుంటే దాని మధ్యలో తన బూటు పెట్టాడు.

"క్షమించాలి సార్. మీ చేతిలోది తప్పు అచ్చు. మా కళాశాల పరువు పోతుంది. ఇదిగో, అసలైనది."

క్రెంజ్ ఇదే బాగుందన్నాడు. సంతకం ఉందన్నాడు. బల్దివియేసో అలాంటి మాటలు వినే స్థితిలో లేడు. ఎంతో మర్యాదగా, ఎంతో గట్టిగా, పుస్తకాన్ని ఆ వేళ్లలోంచి ఒలిచి తీసుకుని, అసలైనది ఆయన ఒళ్లో పెట్టి, సెల్యూట్ చేసి తలుపు మూశాడు. దూరం నుంచి చూస్తే అతిథి మర్యాదే. ఫిర్యాదు చెయ్యడానికి క్రెంజ్‌కి కారణమే లేకుండా పోయింది. కారు కదిలింది. అప్పుడే పన్నెండు కొట్టింది.

హిమెనా ఆ ప్రతి అట్ట చీల్చితే కార్డు బయటపడింది.

తెర్రాసాస్ గుర్రపుశాలల గేటు వైపు నడుస్తున్నాడు, పరిగెత్తకుండా. గేటు బయట దోన్ మక్సీమో మనుషులున్నారు. లోపల చోకె నిలబడి ఉన్నాడు, హిమెనా అతనికి పొద్దున్నే ఒక్క మాట చెప్పి ఉంచింది. ఆమె విగ్గు తీసేసి, తెర్రాసాస్‌కి కుడివైపు వచ్చి నిలబడింది.

"ఇంకా కుడివైపు వదిలే నడుస్తున్నారు కర్నల్ గారూ. మంచి అలవాటు."

"ఎవరు నువ్వు?"

"కిస్బెర్ట్."

అతను ఆ పేరుకోసం వెతుక్కోవడం ఆమెకి కనిపించింది. దొరకలేదు. "ఏ కిస్బెర్ట్?" అన్నాడు.

ఎనిమిదేళ్లుగా ఆమె ఈ క్షణానికి ఎన్నో మాటలు సిద్ధం చేసి పెట్టుకుంది. అతనికి పేరే గుర్తులేదన్నది వాటిలో ఎక్కడా లేదు. తుపాకీ గొట్టం అతని డొక్కకి తగిలింది. గేటు అవతల నుంచి దోన్ మక్సీమో చూస్తున్నాడు. ప్రాణాలతో కావాలి అన్నాడాయన. ఆమె ఊపిరి ఒకసారి లోపలికి తీసి, మెల్లగా వదిలింది.

"బూట్లు విప్పండి."

"ఏమిటి?"

"బూట్లు విప్పమన్నాను. మేజోళ్లు కూడా. గేటు దాకా మైదానం మీదుగా వెళ్దాం. మీ విద్యార్థులందరూ వరసగానే ఉన్నారు, చూస్తారు."

అతను చోకె వైపు చూశాడు. చోకె నేల వైపు చూస్తూ, "మేజోళ్లు ఎవరైనా ఇస్తారేమో అడగకు. ఈసారి లేవు," అన్నాడు.

ఇంకా కరగని మంచు మీద కర్నల్ తెర్రాసాస్ వట్టి కాళ్లతో నడిచాడు. మెరుగు పెట్టిన బూట్లు హిమెనా చేతిలో ఉన్నాయి. విద్యార్థులు వరస కదలకుండా చూశారు. బల్దివియేసో మాత్రం టోపీ సర్దుకుని ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ఎంతైనా బ్యాచ్ వాడు.

మీర్తా సౌసేదో మూడింటి విమానం ఎక్కింది. ఎవరూ ఆపలేదు. దిగేటప్పటి సంగతి హిమెనా మాటివ్వలేదు కాబట్టి, దిగిన చోట సెక్షన్ వాళ్లే ఆమెకి గొడుగు పట్టి తీసుకెళ్లారు.

నెల తరవాత సైనిక జైలు నుంచి వార్డెన్ ఫోన్ చేశాడు. అక్కడ రొట్టె, నీళ్లు, ఎండలో నడక, అన్నీ జైలుకి వచ్చిన తేదీ వరసలోనే. కొత్త ఖైదీ నడకలో ఒక గొర్రెల దొంగకి జతపడ్డాడట. దొంగ మూడేళ్ల ముందు వచ్చినవాడు, మర్యాద విషయంలో చాలా పట్టుదల మనిషి. కర్నల్‌కి పద్ధతి నేర్పే భారం తను తీసుకుంటానంటున్నాడట.

"నేర్పక్కర్లేదని చెప్పండి," అంది హిమెనా. "ఎడమవైపు నడవడం ఆయనకి ఎనిమిదేళ్ల నుంచీ వచ్చు."